మెరైన్ పార్క్ ఫీజు కడితే పగడాలకు ఏమైనా ఒరుగుతుందా?

తడిచెప్పులు:

స్నార్కెలింగ్‌కి (నోట్లో గొట్టం పెట్టుకుని తేలుతూ నీటి అడుగు చూడటానికి) ఎక్కడికి వెళ్లినా పడవ ఎక్కకముందే ఒక ఫీజు కట్టమంటారు. కొన్నిచోట్ల పార్క్ ప్రవేశ రుసుము అంటారు, కొన్నిచోట్ల పర్యావరణ ఛార్జీ అంటారు, ఇంకొన్నిచోట్ల విమానం టికెట్‌లోనే కలిపేసి మనకు తెలియకుండా లాగేస్తారు. పేరేదైనా కింద రాసేది మాత్రం ఒకటే, ఈ సొమ్ము పగడపు దిబ్బల సంరక్షణకు అని. కట్టడానికి నాకేం బాధ లేదు. కానీ ఆ మాట నిజమేనా అని అడిగితే సూటిగా చెప్పేవాడు కనపడడు. టికెట్ కొట్టేవాడు పడవ వాళ్లని అడగమంటాడు, పడవ వాళ్లేమో "అది గవర్నమెంట్ ఫీజు సార్, మాకేం సంబంధం" అంటారు.

ఇది సంరక్షణ అనే పేరు తగిలించుకున్న మామూలు టూరిస్ట్ పన్నేనని నా అనుమానం. ఇంకో అనుమానం కూడా ఉంది. జనం ఎంత ఎక్కువ వస్తే అంత ఆదాయం అయినప్పుడు, పార్క్ వాళ్లే ఇంకా ఇంకా జనాన్ని లోపలికి తోలుతారు కదా, అప్పుడు పగడాలకు జరిగేది మేలా కీడా? ఈ విషయం తెలిసినవాళ్లు, అక్కడ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. "ప్రకృతిని కాపాడుకోవడం మనందరి బాధ్యత" టైపు జవాబులు మాత్రం వద్దు, ప్లీజ్.

చిల్లరలెక్క:

ఫీజు ఎంత అన్నది పక్కన పెట్టండి. ఆ డబ్బు ఏ ఖాతాలో పడుతుందో చూస్తే సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

కరీబియన్‌లో బొనైర్ అనే చిన్న ద్వీపం ఉంది. అక్కడ మెరైన్ పార్క్ 1979లోనే పెట్టారు. బయటి నుంచి వచ్చిన డబ్బు ఉన్నన్నాళ్లు నడిచింది, అది అయిపోయాక పార్క్ కాగితం మీద మిగిలింది. 1991లో మళ్లీ లేపి నిలబెట్టి, 1992 నుంచి డైవర్ ఒక్కొక్కరి దగ్గర ఏడాదికి 10 డాలర్లు తీసుకోవడం మొదలుపెట్టారు. ఫీజు పెడితే డైవర్లు వేరే ద్వీపానికి పోతారని డైవింగ్ వ్యాపారులకు ఒకటే టెన్షన్. తీరా డైవర్లనే అడిగి చూస్తే సగటున 27 డాలర్ల దాకా ఇస్తామన్నారు, అప్పట్లో జరిగిన సర్వేలో తేలింది ఇది. కట్టినవాళ్లకి ఒక ట్యాగ్ ఇచ్చేవారు, డైవింగ్ సామానుకి తగిలించుకుంటే కట్టారో లేదో చూడగానే తెలిసిపోతుంది. 2005లో దాన్ని 25 డాలర్లు చేశారు, అయినా జనం తగ్గలేదు. ముఖ్యమైన సంగతేంటంటే ఆ డబ్బు ఖజానాలో కలవదు, పార్క్ నడిపే స్టినపా అనే సంస్థకే వెళ్తుంది.

ఇప్పుడు దీని పక్కన ఫిలిప్పీన్స్‌లోని అపో ద్వీపాన్ని పెట్టి చూడండి. 1980ల మొదట్లో అక్కడి జాలర్లే సిలిమన్ యూనివర్సిటీ వాళ్ల సాయంతో రీఫ్‌లో (పగడపు దిబ్బలో) కొంత భాగాన్ని వేటకు మూసేసుకున్నారు. చేపలు పెరిగాయి, వాటిని చూడటానికి డైవర్లు వచ్చారు, ప్రపంచమంతా ఆ ద్వీపం పేరు చెప్పుకునే దాకా వెళ్లింది. 1994లో ప్రభుత్వం దాన్ని జాతీయ స్థాయి రక్షిత ప్రాంతం చేసింది. ఆ పద్ధతిలో ఫీజు డబ్బు ముందు దేశ ఖజానాకి పోవాలి, అందులో 75 శాతం మళ్లీ ద్వీపానికి తిరిగి రావాలి. రావాలి అన్నది చట్టం, ఎప్పటికి వస్తుందన్నది మాత్రం ఆఫీసుల దయ. గస్తీ పడవలో డీజిల్ అయిపోయేది ఇవాళ, డబ్బు వచ్చేది ఎప్పుడో. చివరికి 2013లో చట్టం మార్చి, ఆ 75 శాతాన్ని స్థానిక బోర్డు తన దగ్గరే ఉంచుకోవచ్చన్నారు. టూరిస్ట్ కట్టేది అదే ఫీజు, సముద్రం అదే, డబ్బు నడిచే దారి ఒక్కటే మారింది.

కాబట్టి మీ మొదటి అనుమానానికి నా జవాబు: కొన్నిచోట్ల అది అక్షరాలా పన్నే, కొన్నిచోట్ల కాదు. బోర్డు మీద రాసింది చదివితే ఈ తేడా తెలియదు.

పడవతాడు:

నేను డైవ్ బోట్ల మీద పని చేశాను, ఎక్కడన్నది వదిలేయండి. పైన చెప్పిన ఖాతా సంగతి నిజమే, కానీ ఆ ఖాతాలోంచి తీసి ఏం కొంటున్నారో కూడా చూడాలి.

టూరిస్ట్ పడవ రీఫ్‌కి చేసే పెద్ద హాని లంగరు. లంగరు పడిన చోట పగడం విరుగుతుంది సరే, అంతకంటే పాడు దాని వెనకున్న గొలుసు. గాలి మారినప్పుడల్లా పడవ తిరుగుతుంది, దాంతో పాటే గొలుసు అడుగున ఈడ్చుకుంటూ పోయి దారిలో ఉన్నదాన్నంతా చదును చేస్తుంది. మనిషి ఆయుష్షు కంటే ఎక్కువ కాలం పెరిగిన పగడం ఒక్క మధ్యాహ్నంలో రెండు చెక్కలవుతుంది.

దీనికి విరుగుడు మూరింగ్ బోయ్. అడుగున గట్టి రాయి చూసి డ్రిల్ చేసి, స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్ దింపి సిమెంట్‌తో బిగిస్తారు. దానికి తాడు, తాడు చివర పైన తేలే బోయ్. 1980ల మొదట్లో ఫ్లోరిడా కీ లార్గోలో జాన్ హలాస్ మొదలుపెట్టిన పద్ధతి ఇది, తర్వాత చాలా దేశాల రీఫ్‌లకి పాకింది. పడవ వచ్చి ఆ తాడు అందుకుని కట్టేసుకుంటుంది, లంగరు ముట్టుకునే పనే ఉండదు.

వినడానికి బాగుంటుంది. ఆ తాడు కొన్ని నెలలు నీళ్లలో నానాక దిగి చూస్తే తెలుస్తుంది. మొదట నాచు, నాచు మీద గవ్వల్లాంటి పెంకు జీవులు, వాటి మీద ఇంకేవో. ఒట్టి చేత్తో పట్టుకుంటే అరచెయ్యి కోసుకుపోతుంది. తాడు బరువెక్కి బోయ్ సగం మునిగి ఉంటుంది. షాకిల్ (తాడుని పిన్‌కి కలిపే ఇనుప కొక్కెం) దగ్గర ఇనుము రాత్రీ పగలూ రాసుకుని రాసుకుని లోపల సన్నబడిపోతుంది, పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, ఏ గాలివాన రోజో ఒక పడవ బరువు పడగానే పుటుక్కున తెగి ఆ పడవ వెళ్లి రీఫ్ మీదే కూర్చుంటుంది. అందుకని ఎవరో ఒకరు సిలిండర్ వేసుకుని దిగాలి, కత్తితో గీకాలి, బిగుసుకుపోయిన షాకిల్ విప్పాలి, కొత్త తాడు వేయాలి, పైకొచ్చి ఇంకో బోయ్‌కి పోవాలి. ఈ పనిని ఎవడూ ఫొటో తీయడు. కొత్త బోయ్‌లకి దాతలు దొరుకుతారు, రిబ్బన్ కట్ చేయడానికి మంత్రిగారు కూడా వస్తారు. పాత బోయ్‌కి తాడు మార్చాలంటే ఒక్కరూ ముందుకు రారు. ఫీజు డబ్బు అక్కరకొచ్చేది సరిగ్గా ఇక్కడే, ఏటా తప్పకుండా వచ్చే డబ్బు కాబట్టి.

ఇంకో సంగతి. ఫీజు మధ్యలో కారిపోయేది పైన ఆఫీసుల్లోనే అనుకోకండి. నేను చేసిన ఒక బోట్ యజమాని పదిమందిని ఎక్కించుకుంటే పుస్తకంలో ఆరుగురిని రాసేవాడు. టూరిస్టుల దగ్గర మాత్రం పదిమందివీ లెక్కగా వసూలు. ఆ నలుగురి డబ్బు పార్క్‌కీ పోలేదు, ఖజానాకీ పోలేదు.

వేడినీళ్లు:

తాళ్లు, షాకిళ్లు, ఖాతాలు అన్నీ బాగున్నాయి గానీ మీరిద్దరూ అసలు విషయం వదిలేస్తున్నారు.

గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో 1993 నుంచి టూరిస్టుల దగ్గర ఛార్జీ తీసుకుంటున్నారు, మొదట్లో రోజుకి ఒక ఆస్ట్రేలియన్ డాలర్. ఆ డబ్బు పార్క్ అథారిటీకే వెళ్తుంది, నిర్వహణకీ పరిశోధనకీ వాడతారు, దొంగ లెక్కల గోల లేదు. ప్రపంచంలో పద్ధతిగా నడిచే పార్కుల్లో అదొకటి. ఏమైంది? 2016లో నీళ్లు వేడెక్కాయి. తొమ్మిది నెలల్లో లోతు తక్కువ చోట్ల ఉన్న పగడాల్లో 30 శాతం దాకా చచ్చిపోయాయి. ఎక్కువ దెబ్బ తిన్నది ఎక్కడ? ఉత్తర భాగంలో. టూరిస్టులు పెద్దగా పోని, వేట ఒత్తిడి తక్కువున్న, అన్నిటికంటే పదిలంగా ఉందని అందరూ అనుకున్న చోటే. వేటను నిషేధించిన చోటికీ నిషేధించని చోటికీ బ్లీచింగ్‌లో (వేడికి పగడం తెల్లబడిపోవడంలో) పెద్ద తేడా లేదని ఆ తర్వాత పరిశోధకులు లెక్క తీసి చెప్పారు. మళ్లీ 2017, 2020, 2022, 2024. 2023లో మొదలైన ప్రపంచవ్యాప్త బ్లీచింగ్ అయితే భూమ్మీదున్న రీఫ్‌లలో 84 శాతానికి వేడి సెగ తగిలించింది. వేడినీటిని ఆపి ట్యాగ్ చూపించమనే రేంజర్ ఎక్కడా లేడు.

ఇక తడిచెప్పులు గారి రెండో అనుమానం, అదే నన్నడిగితే అసలు ప్రశ్న. థాయ్‌లాండ్‌లో మాయా బే జాతీయ పార్క్‌లో భాగం, టికెట్ ఉంది, వసూలు ఉంది. రోజుకి 5,000 మంది దాకా వచ్చారు, పడవలన్నీ తిన్నగా ఆ చిన్న అఖాతంలోకే. పగడాలు సగానికి పైగా పోయాక 2018 జూన్‌లో పూర్తిగా మూసేయాల్సి వచ్చింది. 2022 జనవరిలో తెరిచారు, ఇప్పుడు పడవలు ముందు నుంచి రాకూడదు, వెనక వైపు ఆగాలి, మనుషుల సంఖ్యకి పరిమితి ఉంది, ఏటా కొన్నాళ్లు మూసేస్తారు. దాన్ని కోలుకునేలా చేసింది టికెట్ డబ్బా, తలుపు మూయడమా? టికెట్ తీసుకున్నన్నాళ్లూ పాడైంది, ఆపాక బాగుపడింది. నల్లచొరలు (బ్లాక్‌టిప్ షార్కులు) కూడా మూసిన తర్వాతే వెనక్కి వచ్చాయి.

అసలు ఫీజు మీదే బతికే పార్క్‌కి 2020 లాంటి ఏడాది వస్తే ఏంటి పరిస్థితి? ఆస్ట్రేలియాలో ఆ ఛార్జీనే మాఫీ చేశారు, వెనక ప్రభుత్వం ఉంది కాబట్టి సరిపోయింది. వెనక ఎవరూ లేని పార్కుల సంగతి ఆలోచించండి. టూరిస్టులు రారు, ఫీజు రాదు, గస్తీ ఆగుతుంది, ఉపాధి పోయిన జనం మళ్లీ వల పట్టుకుని అదే రీఫ్ మీదికి వస్తారు.

చిల్లరలెక్క:

వేడినీళ్లు గారూ, వేడికి ఫీజు మందు అని ఇక్కడ ఎవరూ అనలేదు. కానీ వేడి దెబ్బ తగిలాక ఏం జరుగుతుందో కూడా చెప్పాలి కదా. పగడం చచ్చిన చోట నాచు కమ్మేస్తే కొత్త పగడం పిల్ల అంటుకోవడానికి చోటుండదు. ఆ నాచుని గీకి తినేవి చిలక చేపలు. బొనైర్‌లో 2010లో చిలక చేపల వేట నిషేధించారు, అదే ఏడాది బ్లీచింగ్ కూడా వచ్చింది. పగడాలు తగ్గాయి, నాచు పెరిగింది, తర్వాత మెల్లగా నాచు తగ్గి 2017 నాటికి పగడాలు మళ్లీ పాత స్థాయికి వచ్చాయి. నిషేధం కాగితం మీద పెట్టడానికి డబ్బక్కర్లేదు, దాన్ని నీళ్ల మీద అమలు చేయడానికి మనిషి కావాలి, పడవ కావాలి, జీతం కావాలి. అయితే 2023లో అక్కడికి పగడాల తెగులు ఒకటి చేరింది, రాతి పగడాలని కణజాలం ఊడగొట్టి చంపుతుంది. దానికీ ఫీజు అడ్డుపడలేదు, ఒప్పుకుంటా.

2017లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూడండి. ప్రపంచంలోని రక్షిత సముద్ర ప్రాంతాలను పోల్చి చూస్తే, సిబ్బంది సరిపడా ఉన్నచోట చేపల మీద కనిపించిన ఫలితం లేనిచోట కంటే 2.9 రెట్లు ఎక్కువ. పార్కుల్లో 65 శాతానికి మామూలు నిర్వహణకి కూడా బడ్జెట్ చాలట్లేదు, సిబ్బంది సరిపోని పార్కులైతే 91 శాతం. ఈ లోటు పూడ్చే డబ్బు ఫీజు రూపంలో వస్తే వద్దనే స్థితిలో లేం.

మాయా బే విషయంలో మాత్రం మీతో పూర్తిగా ఏకీభవిస్తా. పరిమితి లేని ఫీజు పాడుచేయడానికి లైసెన్సే.

తడిచెప్పులు:

సరే, లంగరు, గస్తీ వరకు ఫీజు పని చేయొచ్చు, వేడికి చేయదు, పరిమితి లేకపోతే తిరగబడుతుంది. ఇంతవరకు అర్థమైంది. కానీ పక్కనే ఉన్న ఊరివాళ్ల సంగతేంటి? వాళ్ల వేట స్థలం మూసేసి, దాన్ని మాకు చూపించి డబ్బులు తీసుకుంటున్నారంటే వాళ్లకి మండదా? అలాగే విమానం టికెట్‌లో కలిపే ఫీజు మేలా, పార్క్ దగ్గర కట్టేది మేలా?

గవ్వలమూట:

మండుతుంది. మండకుండా చూసుకున్న చోట్లే పార్కులు నిలబడ్డాయి.

ఫిలిప్పీన్స్‌లో టుబ్బతహా ఉంది, సులు సముద్రం మధ్యలో, ప్యూర్టో ప్రిన్సెసా రేవు నుంచి దాదాపు 150 కిలోమీటర్లు. చుట్టూ నీళ్లు, ఒక ఇసుక తిన్నె మీద రేంజర్ల స్థావరం, అంతే. నేవీ వాళ్లు, కోస్ట్‌గార్డ్ వాళ్లు, పార్క్ సిబ్బంది, వాళ్లతో పాటు కాగయాన్సిలియో అనే ద్వీపపు మున్సిపాలిటీ మనుషులు అక్కడ వంతులవారీగా నెలల తరబడి ఉంటారు. డైవర్లు వచ్చేది మార్చి మధ్య నుంచి జూన్ మధ్య వరకే, మిగతా ఏడాదంతా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. కాపలా మాత్రం పన్నెండు నెలలూ కావాలి. మూడు నెలల వసూలుతో ఏడాది కాపలా నడవదు కాబట్టి ఫీజుకి తోడు ప్రభుత్వం డబ్బు, బయటి సాయం కూడా కలుపుకుంటారు. తరతరాలుగా అక్కడ చేపలు పట్టుకున్నది ఆ కాగయాన్సిలియో వాళ్లే. అందుకే ఫీజులో వాళ్లకి వాటా, బోర్డులో మాట, గస్తీలో ఉద్యోగం. వాటా అనేది దానం కాదు, వదులుకున్న వేటకి ప్రతిఫలం, ఈ తేడా చాలామంది అధికారులకి ఎక్కదు.

ఇండోనేషియాలో రాజా అంపట్ కూడా చూడండి. 2007 నుంచి ట్యాగ్ ఫీజు ఉంది, మొదట్లో విదేశీయులకి 5 లక్షల రుపయా, స్వదేశీయులకి అందులో సగం. తర్వాత పార్క్ యంత్రాంగాన్ని ప్రభుత్వంలోనే ఉంచి, వచ్చిన ఆదాయాన్ని తానే ఖర్చు పెట్టుకునే అధికారం ఇచ్చారు. చిల్లరలెక్క గారు చెప్పిన ఖాతా సంగతే ఇది. అయితే 2017 మార్చిలో ఒక క్రూయిజ్ ఓడ నీళ్లు తక్కువున్న వేళ అక్కడి రీఫ్ ఎక్కేసి వేల చదరపు మీటర్ల పగడాన్ని పిండి చేసింది. టుబ్బతహాలో 2013లో అమెరికా నేవీ ఓడ ఎక్కింది, 2,300 చదరపు మీటర్లకు పైగా పోయింది, రెండేళ్ల తర్వాత దాదాపు 20 లక్షల డాలర్లు కట్టారు. స్నార్కెల్ పెట్టుకుని తేలేవాడి దగ్గర టికెట్ అడగడం తేలిక, ఓడల దారిని రీఫ్‌కి దూరంగా పెట్టించడానికి మాత్రం వేరే బలం కావాలి.

విమానం టికెట్ గురించి: పలావ్ అనే ద్వీప దేశంలో 2018 నుంచి 100 డాలర్లు టికెట్‌లోనే కలుపుతారు. ఎగ్గొట్టడం కుదరదు, పుస్తకంలో పదికి ఆరు రాసే పనీ ఉండదు, అది లాభం. అందులో కొంత రక్షిత ప్రాంతాల నిధికి వెళ్తుంది, కొంత ఖజానాకి, రాష్ట్రాలకి. అంటే వందలో ఎంత పగడాలకన్నది చట్టంలో చూసుకోవాలి. బెలీజ్ 1996లో దేశం వదిలి వెళ్లే టూరిస్ట్ దగ్గర 3.75 డాలర్లు తీసుకుని ఒక ట్రస్ట్‌లో వేయడం మొదలుపెట్టింది. నాకు ఆ పద్ధతి నచ్చుతుంది, ఎందుకంటే పార్క్ గేట్ దగ్గర ఫీజంటే జనం పోయే అందమైన రీఫ్‌కే డబ్బు చేరుతుంది, చేపలు గుడ్లు పెట్టే బురద మడ అడవికి ఎవడూ టికెట్ కొనడు. ట్రస్ట్ అయితే అక్కడికీ పంపగలదు.

వేడినీళ్లు:

ఇది ఒప్పుకోవచ్చు. ఇంకొక్క చురక వేసి ఆపేస్తా. గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో ఆ ఛార్జీ వ్యాపార పడవల్లో వెళ్లే టూరిస్టులకే, సొంత పడవ వేసుకుని వెళ్లేవాళ్లకి లేదు. సొంత పడవ ఉన్నవాడు లంగరు వేస్తే పగడం విరగదా? అంతేకాదు, ఊళ్లలోంచి వచ్చే మురుగునీరు, పొలాల్లోంచి కొట్టుకొచ్చే ఎరువు కూడా రీఫ్‌ని చంపేవే, వాటి దగ్గర ఎవరూ టికెట్ తీసుకోరు. ఫీజు ఎప్పుడూ అందినవాడి జేబులోంచే వస్తుంది.

తడిచెప్పులు:

అది నిజం. చివరగా ఒక్కటి చెప్పండి. ఈసారి వెళ్లినప్పుడు నేను కట్టింది పనిచేస్తోందో లేదో అక్కడికక్కడే ఎలా పసిగట్టాలి? ఆడిట్ రిపోర్టులు చదివే ఓపిక నాకు లేదు.

చిల్లరలెక్క:

రిపోర్ట్ చదవక్కర్లేదు, అసలు రిపోర్ట్ అనేది ఉందో లేదో అడగండి చాలు. ఏటా వసూలు, ఖర్చు బయటపెట్టే పార్క్ అయితే ఆఫీసులో కూర్చున్నవాడికి తెలిసే ఉంటుంది. రసీదు మీద వరుస నంబర్ ఉందేమో చూడండి. నంబర్ లేని కాగితం ఇచ్చినా, కాగితమే ఇవ్వకపోయినా పడవతాడు గారి పాత యజమాని లాంటివాడు దొరికాడని అర్థం.

పడవతాడు:

రసీదు సరే, పడవ ఆగేటప్పుడు ముందు వైపుకెళ్లి నిలబడండి. కొక్కెం కర్రతో బోయ్ తాడు అందుకుంటున్నారా, గొలుసు వదులుతున్నారా చూడండి. బోయ్ ఉంటే నీళ్లలోకి దిగాక దాని తాడు చూడండి, శుభ్రంగా ఉంటే ఈ మధ్యే ఎవరో దిగి గీకినట్టు. నాచు దట్టంగా వేలాడుతుంటే పార్క్ దగ్గర డబ్బు లేదు, లేదా డబ్బుంది మనిషి లేడు. ఒక్క బోయ్‌కి నాలుగైదు పడవలు వరసగా కట్టేసి ఉంటే పరిమితి అనేది పేరుకే. గస్తీ పడవ కనిపిస్తే అది నీళ్ల మీద తిరుగుతోందా, జెట్టీకి కట్టేసి ఉందా అన్నది కూడా గమనించండి. కట్టేసి ఉంటే, ఇంజిన్ బాగోలేదా, డీజిల్ లేదా అని అక్కడి కుర్రాళ్లని అడగండి. పెద్దవాళ్లు చెప్పరు గానీ కుర్రాళ్లు చెప్పేస్తారు.

ఫీజు పెంచారని వింటే వెంటనే తిట్టకండి. పెంచిన డబ్బుతో గస్తీ మనుషులు ఎంతమంది పెరిగారో అడగండి. ఒక్కడు కూడా పెరగలేదంటే అప్పుడు తిట్టండి, మీతో పాటు నేనూ వస్తా.